రేడియేటర్‌కు అడ్డం పడ్డ పేరు

ఎడారి దేశంలో వలస కూలీలుండే అల్ ఖూజ్ క్యాంపులో ఇంజన్ల గురించి పోశెట్టికి తెలియనిది లేదు. ఆ మాట పోశెట్టే చెబుతాడు. శుక్రవారం సెలవు వచ్చిందంటే లుంగీ ఎగగట్టి, గది ముందే తన పాత కారు బానెట్ ఎత్తి, నాడి చూసే వైద్యుడిలా పైపు పట్టుకుని కళ్లు మూసుకుంటాడు. రెండు కిలోమీటర్లు పోతే చాలు, ఇంజన్ సలసల కాగుతోంది. నీళ్లు మార్చాడు, ఫ్యాన్ బెల్టు బిగించాడు, చివరికి ఎండను తిట్టాడు. పక్క గది లచ్చన్న వచ్చి, కారు ముందు జాలీకి కట్టిన రేకు పలకను తట్టాడు. ఊరికి తన మాటలు నింపిన క్యాసెట్‌తో పాటు కారు ఫోటో పంపేందుకు పోశెట్టి తన పేరు పెద్దక్షరాలతో రాయించిన పలక అది.

"అన్నా, గాలి పోయే తొవ్వంత నీ పేరే మూసింది. తీసెయ్, ఖలాస్!"

"తీస్తే బండి నాదేనని ఊళ్ల ఎట్ల ఎర్కైతదిరా?"

మరునాటి నుంచి పోశెట్టి కంపెనీ బస్సులో నిలబడి పనికి పోతున్నాడు. కారు మాత్రం పేరు తగిలించుకుని గది ముందు చల్లగా ఉంది.