పడుగు లేని వీధి

ఉదయం ఐదూ పదికి తిరువళ్ళూరు స్టేషను బయట మా అన్న చెప్పులు విప్పి నా చేతికిచ్చాడు. సైకిలు హ్యాండిలుకు తగిలించిన సంచిలో వేశాను. అందులో అప్పటికే రెండు నీళ్ళ సీసాలు, ఉప్పు పొట్లం, నిమ్మకాయలు, తడిపిన తువ్వాలు ఉన్నాయి.

"ఒట్టి కాళ్ళతోనేనా?" అని అడిగాను.

"మగ్గం గుంటలో చెప్పులేసుకోని తొక్కుతానా ఏంది?" అన్నాడు.

అది ఎనభైల మొదట్లో, మార్చి నెలలో ఒక ఆదివారం. తిరుత్తణి వైపు ఒక చిన్న ధర్మాసుపత్రికి ఎక్స్‌రే మిషను కొనాలని కొందరు యువకులు తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా పరుగు ఏర్పాటు చేశారు. నలభై కిలోమీటర్ల దూరం. పరిగెత్తేవాళ్ళు ఏడుగురు. అందులో ఆరుగురు కాన్వాసు బూట్లు వేసుకున్న కాలేజీ కుర్రాళ్ళు. ఏడోవాడు మా అన్న. నలభై ఏళ్ళవాడు, నేతగాడు. మైకు కట్టిన వ్యాను ఒకటి ముందు పోతుంది. సైకిళ్ళ మీద మేం నలుగురం వెంట ఉంటాం. నీళ్ళివ్వడం, కాళ్ళు పట్టేస్తే రుద్దడం, ఎవరైనా ఇక రాలేకపోతే ఆ సంగతి వ్యానుకు చెప్పడం మా పని. నేను అప్పుడు తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో గుమాస్తాను. అన్న రమ్మంటే వెళ్ళాను.

వదినకు రెండేళ్ళుగా క్షయ. ఛాతీ ఫోటో తీయాలంటే మద్రాసు పోవాలి. సంక్రాంతికి ముందు ఒకసారి పోయివచ్చి, ఇక రైలెక్కనని చెప్పేసింది. ఆ తర్వాత మాత్రలు కూడా మానేసింది. గూట్లో పొట్లాలు అలాగే ఉండేవి. మిషను వస్తుందని, ఇక మద్రాసు పోయే పని ఉండదని అన్న చెబితే నవ్వింది. పరుగులో తనూ ఉన్నానని చెబితే ఇంకా నవ్వింది.

"నువ్వా? గుంటలో కాళ్ళు పెట్టుకోని కూర్చునే మనిషివి! నువ్వు తిరువళ్ళూరు నుంచి పరిగెత్తుకోని మన వాకిటి ముందరికి వచ్చేది నా కండ్లతో చూస్తే, ఆ మాత్రలన్నీ మింగుతా. పో."

ఆమె వేళాకోళానికి అన్నది. అన్న దాన్ని ఒప్పందంగా తీసుకున్నాడు.

మా ఊరు దారిలోనే, తిరుత్తణికి కాస్త ఇవతల. పరుగు మా వీధి మీదుగా పోయేలా నిర్వాహకులను ఒప్పించాడు. తర్వాత వీధిని ఒప్పించాలి. మా వీధిలో రోజూ తెల్లవారేసరికి ఎవరో ఒకరి పడుగు చాచి ఉండేది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కర్రలు నిలబెట్టి, నూలు పోగులు లాగి కట్టి, గంజి పట్టించి కుంచెతో దువ్వేవాళ్ళు. అది ఆరే దాకా మనిషిగానీ ఆవుగానీ అడ్డం దాటడానికి లేదు. ఆ ఆదివారం వంతు ఎదురింటి మామది.

"నీ పెండ్లాం మాత్ర మింగాలంటే నా పడుగు ఎండగూడదా? ఇది యాడి వైద్యంరా?" అని మామ అరిచాడు. శనివారం సాయంత్రం ఆయనే కర్రలు పీకి గోడకు ఆనించాడు.

అన్న ధైర్యానికి కారణం ఒక్కటే. ఇరవై ఏళ్ళుగా తొక్కుతున్న కాళ్ళు తనవి. మగ్గం మీంచి ఒక చీర దిగడానికి ఎన్నిసార్లు తొక్కాలో, ఒక్కో తొక్కుడు ఒక అడుగనుకుంటే అది ఎన్ని మైళ్ళో తిరుప్పాచూరు దాటేదాకా నాకు లెక్క చెబుతూనే ఉన్నాడు. "ఈ లెక్కన నేను కాశీకి పొయ్యి వచ్చేసినా, రెండు మూడు తూర్లు," అన్నాడు. ఒక్కరోజు కూడా పరిగెత్తి చూడలేదు. వీధిలో ఎవరూ చూడమని చెప్పనూ లేదు. నేతపనివాళ్ళందరికీ ఆ లెక్క సరిగానే కనిపించింది. నాకూ కనిపించింది.

నేత గుంటలో మట్టి చల్లగా, తడిగా ఉంటుంది. అందులో ఇరవై ఏళ్ళున్న పాదాలు మెత్తగా ఉంటాయి. ఎనిమిది గంటలకు కుర్రాళ్ళు కనుచూపు దాటిపోయారు. తొమ్మిదిన్నరకు తారు కాలడం మొదలైంది. కనకమ్మసత్రం చేరేసరికి రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కాయి. చెప్పులు తీసిచ్చాను. ఎక్కలేదు. తువ్వాలు చించి కట్టాను. పాదాల అంచుల మీద నడవసాగాడు.

మధ్యాహ్నం వ్యాను వెనక్కి వచ్చింది. ఆరుగురూ చేరిపోయారట. అన్న రోడ్డు పక్క చింతచెట్టు నీడలో, కొంచెం దూరంగా కూర్చుని ఉన్నాడు. వ్యాను పెద్దమనిషి నన్ను తమిళంలో అడిగాడు, మీ అన్న వల్ల అవుతుందా, కాదా అని.

అన్న వైపు చూశాను. మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉన్నాడు.

"ముడియాదు సార్," అన్నాను. కుదరదని. తెలుగులో అనవలసి వస్తే ఇంకొంచెంసేపు ఆలోచించేవాణ్ణేమో.

వ్యాను తిరుత్తణి వైపు పోయింది. అది కనుమరుగయ్యాక అన్న లేచాడు.

"వాళ్ళేం అడిగినారు?"

"నీళ్ళు కావాల్నా అని."

"సరే, పోదాం పద."

క్యారియరు మీద కూర్చోమన్నాను. వీధి మొగలో దించేస్తానన్నాను. "మాత్రలు మింగేది ఆమె. నువ్వు గాదు. ఊరుకో," అన్నాడు. కాసేపయ్యాక, "వీధిలో మాత్రం పరిగెత్తాల. నడిస్తే ఒప్పుకోదు," అన్నాడు. ఆ పరుగు కోసమే ఆఖరి మైళ్ళన్నీ మెల్లగా నడిచాడు. వ్యానుతో ఏమన్నానో చెప్పడానికి నాకు మూడు గంటల టైము దొరికింది. చెప్పలేదు.

నాలుగు దాటాక వీధి మొగకు వచ్చాం. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పడుగు చాచి ఉంది. గంజి తడి ఇంకా ఆరలేదు. మామ చేతిలో కుంచె ఉంది.

"ఏమప్పా, నువ్వు నడిచొస్తా ఉండావా? రాలేడని మైకులో చెప్పి పొయినారే!"

"ఎవురు చెప్పింది?"

"వ్యానోళ్ళు. నీ పెండ్లామే అనింది, ఇంక వేసుకోండి మామా, గంజి పులిసిపోతాది అని. పొద్దుటి నుంచి అరుగు మీదే ఉండె, పాపం. అది విన్నాక మంచం లోపలికి ఏపిచ్చుకునింది."

అన్న నా వైపు తిరగలేదు. మామ కుంచె కింద పెట్టి, "ఉండు, ఎత్తేస్తాం," అని కర్ర మీద చెయ్యి వేశాడు. తడి పడుగు ఎత్తితే పోగులు అంటుకుపోయి పనికిరాకుండా పోతాయి. అది ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు.

"వద్దు మామా," అన్నాడు అన్న.

గోడకు వీపు ఆనించి, పక్కకు పక్కకు అడుగులు వేస్తూ ఇంటి వైపు కదిలాడు. సగం దూరంలో ఒక పోగు తెగి వేలాడుతోంది. వంగి ముడి వేశాడు. మళ్ళీ కదిలాడు.

లోపల వదిన మంచం మీద మేలుకునే ఉంది. అన్న కాళ్ళు చూసింది.

"పరిగెత్తుకోని రమ్మంటిని గదా," అంది. నవ్వబోయింది. దగ్గు వచ్చింది.

"యాడ పరిగెత్తేది, పడుగు ఉండాది," అన్నాడు అన్న.

ఆమె గూటి వైపు చూడలేదు. అన్న కూడా చూడలేదు. కాసేపటికి నాతో, "నీళ్ళు కాచి పెట్టు, మీయన్న కాళ్ళకు," అంది. నేను పొయ్యి దగ్గరికి పోయాను. ఆ రాత్రి గానీ, ఆ తర్వాత గానీ ఆమె మాత్రలు మింగలేదు. నాలుగు నెలలకు, ఆడి నెలలో పోయింది.

మిషను మరుసటి ఏడు వచ్చింది. అన్న దాన్ని చూడ్డానికి వెళ్ళలేదు. ఆమె అరుగు మీద ఉండి అన్న పరిగెత్తడం చూసి ఉంటే మాత్రలు మింగేదా, మింగితే బతికేదా, నాకు తెలియదు. వ్యానుకు కబురు చెప్పేది సైకిలు మీద ఉన్నవాడేనని అన్నకు తెలుసు. ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. కిందటేడు ఆయనా పోయాడు.

ఇప్పుడు నూలు ముందే గంజి పట్టించి వస్తుంది. మా వీధిలో పడుగు చాచరు.