తూర్పుకు తిరగని మిషన్

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మాకొక షెడ్డు ఉంది. మందుల ఫ్యాక్టరీల్లో మాత్రలు ఒత్తే యంత్రాలకు కావలసిన చిన్న చిన్న భాగాలు చేసిస్తాం. మా నాన్న పెట్టిన షెడ్డు, ఆయన తర్వాత నేను చూసుకుంటున్నాను. ఆడదానికి ఈ ఇనుప గోల ఎందుకని పోతిరెడ్డిపల్లిలో మా పక్కింటివాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. జవాబు చెప్పడం మానేశాను.

దసరాకు మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఆయుధపూజకు ముందు రోజు మిషన్లను గడ్డపారలతో లేపి, ఇనుప పైపుల మీద దొర్లించి, కింద ఏడాదిగా పేరుకున్న జిడ్డూ ఇనుప రజనూ కడుగుతాం. తర్వాత తూర్పు గోడకున్న అమ్మవారి పటం వైపు వాటి ముఖాలు తిప్పుతాం. పండగ కాగానే మళ్లీ ఎక్కడివక్కడ. నాన్న కాలం నుంచి ఉన్న చాచా ఇదంతా దగ్గరుండి చేయిస్తాడు. ఆయన నమాజు ఆయనదే, పటానికి దండ ఎంత పొడవుండాలో చెప్పేదీ ఆయనే.

ఒక ఏడు దసరాకు ముందు, ఇనుమును తనంతట తనే చెక్కే కొత్త కంప్యూటర్ మిషన్ వచ్చింది. దాన్నీ అలాగే కడిగి, తిప్పి, బొట్టు పెట్టాం. పండగ మర్నాడు మీట నొక్కితే తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. మిషన్‌ను కదిపారు, కంపెనీకి చెప్పండి, అంతవరకు నడవదు అని ఇంగ్లీషులో.

"ఏందమ్మా గిది, అలిగిందా?" అన్నాడు చాచా.

నాకు నవ్వు రాలేదు. ఆ వారమే ఒక పెద్ద ఫ్యాక్టరీకి సరుకు అప్పగించాలి. మా షెడ్డులో అందరి కడుపులూ నిండేది వాళ్లిచ్చే పనితోనే. కంపెనీకి ఫోన్ చేశాను.

"మేడమ్, మిషన్ ఎవరికన్నా అమ్మిండ్రా?" అన్నాడు అటునుంచి ఒకాయన.

"అమ్మలే. పూజకు తిప్పినం."

"పూజకా?"

"అవ్, పూజకే. మీరు బండికి నిమ్మకాయ కట్టరా?"

"మనిషిని పంపిస్తం. అప్పటిదాక ముట్టుకోకండ్రి," అని పెట్టేశాడు. నా మిషన్ దగ్గర నన్నే దొంగను చేశారు. ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం తెల్లాపూర్ నుంచి మా తమ్ముడు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. మిషన్ వెనక ఒక పెట్టె ఉందని, కంపెనీకి తెలియకుండా ఇంకొకరికి అమ్ముకోకుండా, కదిలిస్తే అదే కనిపెట్టి ఆపేస్తుందని చెప్పాడు. "లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ కంపెనీది. అండ్ల ఏమున్నదో నువ్వు చూడొద్దు. మిషన్ నీదే అక్కా, తాళం వాళ్లది," అన్నాడు. ఆ వెంటనే ఎప్పటి పాటే ఎత్తుకున్నాడు. "మన పాత మిషన్‌కు లినక్స్ మీద నడిచే కంట్రోలర్ పెడదాం, అదీ కంప్యూటర్ మిషన్ లెక్కనే పనిచేస్తది. ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఊరికెనే ఇస్తరు."

"ఊరికె ఎవడిస్తడురా? ఏదో మతలబు ఉంటది."

"అంతా బయటనే ఉంటది కదక్కా, దాచేదేమున్నది?"

"నువ్వు చూసినవా?"

తల గోక్కున్నాడు. "అంతా నేను చూడలే. చూసేటోళ్లు ఉంటరు."

"ఎవరు వాళ్లు?"

"ఎవరో ఒకరు."

"మస్తు చెప్పినవ్ పో," అన్నాను. కంపెనీవాళ్లేమో తాళం వేసి తాళంచెవి తమ దగ్గర పెట్టుకున్నారు. ఈ లినక్స్ వాళ్లేమో తలుపులు బార్లా తీసి, ఎవరో ఒకరు చూసుకుంటారులే అంటున్నారు. ఎవరినీ నమ్మబుద్ధి కాలేదు.

కంపెనీ మనిషి వచ్చేసరికి ఆ వారం కాస్తా గడిచిపోయింది. వచ్చీ రాగానే షెడ్డుకు నాలుగు వైపులా ఫోటోలు తీశాడు. ఏటీఎం దగ్గర మనం కప్పుకున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని కోడ్ కొట్టాడు. మిషన్ బుద్ధిగా లేచింది. ఈ పెట్టె ఇంకా ఏమేం చూస్తుందని అడిగాను.

"అది మాక్కూడా చెప్పరు మేడమ్," అన్నాడు.

ఆ మాటకు నిజంగా భయం వేసింది. అప్పటికే సగం పని వేరే షెడ్డుకు పోయింది. "మీ మిషన్ మీ మాట వినదంట కదా," అన్నాడు ఫ్యాక్టరీలో సరుకు తీసుకునే ఆయన. పోయిన పని మళ్లీ రాలేదు.

అప్పట్నుంచి ఆ మిషన్ దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను. చాచా నవ్వుతాడు. "దానికి తెలుగు రాదమ్మా."

"దానికేమొస్తదో మనకెట్ల తెలుస్తది చాచా?"

చివరికి పాత మిషన్‌కు తమ్ముడి కంట్రోలర్ పెట్టించాను. వాణ్ని నమ్మి కాదు, ఇంకో దారి లేక. ఇంటర్‌నెట్ వైరు మాత్రం తగలనివ్వలేదు.

మళ్లీ దసరా వచ్చింది. పాత మిషన్‌ను పైపుల మీద దొర్లించి, కింద కడిగి, తూర్పుకు తిప్పాం. పండగ అయ్యేదాకా ఆగే ఓపిక లేక అక్కడే మీట నొక్కాను. నడిచింది. నాకు ఏడుపొచ్చింది.

కొత్త మిషన్ దగ్గరికి గడ్డపార పట్టుకుని వెళ్లిన చాచా నా ముఖం చూసి ఆగాడు. వద్దని తల ఊపాను. కదపకుండానే బొట్టు పెట్టాం, కొబ్బరికాయ కొట్టాం. హారతి ఇస్తున్నంతసేపూ అది అమ్మవారికి వీపు పెట్టి, తలుపు వైపు చూస్తూ నిలబడింది.