ఆ పిల్ల వంతు లెక్కలు

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి చర్చిలోంచి బయటికి వస్తుంటే మా వీధి చివరింటి దంపతులు నన్ను ఆపారు. వాళ్ల అబ్బాయి బడికి పోనని మొండికేశాడట. ఇంట్లోనే చదివించి పదో తరగతి కట్టిస్తారట. "లెక్కలకి ఏ సిలబస్ మంచిదో మీరే చెప్పాలండి టీచరుగారూ. స్టేటా, సెంట్రలా, లేపోతే ఈ ఫోనులో చెప్పేదాండీ?" అంటూ ఆయన చెప్పులు వేసుకుంటూనే ఫోను తీసి చూపించబోయాడు. హైస్కూల్లో ఉద్యోగమంతా లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ఆ ప్రశ్నకి జవాబు నా నాలిక చివర ఉండాలి. కానీ పిల్లాణ్ణి ఒకసారి పంపండి, చూసి చెబుతానని తప్పించుకుని వచ్చేశాను.

రెండేళ్ల కిందట ఇదే ప్రశ్న మా చెల్లెలి మొగుడికి, అదే మా మరిదికి, పట్టుకుంది. వాళ్ల కూతురు తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసింది. బెంచీ మీద తన పక్కన కూర్చునే స్నేహితురాలు జ్వరమొచ్చి, కాకినాడ తీసుకెళ్లేలోపే పోయింది. ఆ తరవాత మా పిల్ల బడి గేటు దాకా వెళ్లడం, వెనక్కి వచ్చేయడం. ఏడ్చింది లేదు, అలిగింది లేదు; అందరికీ బెంగ పట్టుకుంది దానికే. చెల్లెలు ముమ్మిడివరంలో నర్సు. ఓపెన్ స్కూల్లో చేర్చి ఇంట్లోనే చదివిద్దామనుకున్నారు మొగుడూ పెళ్లాలు. మిగతా సబ్జెక్టులన్నీ బాగానే వచ్చేవి. లెక్కల్లో మాత్రం ఏ పరీక్ష పెట్టినా సగం మార్కులు. బజారులో వంకాయని కూడా తిప్పి తిప్పి చూసిగాని కొనని మనిషి మా మరిది. పుస్తకాలూ అలాగే చూసి చూసి తెచ్చాడు. సెంట్రల్ సిలబస్ అయింది, సగమే. హైదరాబాదు కోచింగువాళ్ల మెటీరియలు అయింది, సగమే. ఎక్కడో విదేశాల్లో ఇంట్లో చదువుకునే పిల్లలు వాడతారని వీడియోల కోర్సొకటి కొన్నాడు. దాంట్లోనూ సగమే. వాళ్లింట్లో సోఫా మీద మనుషులు కూర్చునే చోటు లేకుండా పోయింది. చివరికి పిల్లనీ, అట్టపెట్టెడు పుస్తకాల్నీ ఆటోలో వేసుకుని ఐనవిల్లి దగ్గర మా ఇంటికి వచ్చాడు. "వదినగారండీ, పది తప్పిందంటే ఇంక ఇది గదిలోంచి బయటికే రాదండి. డాక్టరుగారూ అదే అన్నారు. ఏ పుస్తకమో మీరే తేల్చాలండి" అన్నాడు. ఆ పుస్తకం మాటకి నవ్వొచ్చింది గానీ అతని మొహం చూసి నవ్వలేకపోయాను. పిల్లని నా దగ్గరే ఉంచుకున్నాను.

మా వెనక వరండాలో ఒక బెంచీ, గోడకి నల్లబల్ల ఉన్నాయి. పిల్ల ఆ బెంచీ మీద గోడవైపు చివరికంటా జరిగి కూర్చునేది. ఒక లెక్క చేసేది, పెన్సిలు కింద పెట్టేది, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరుకునేది. కాసేపటికి ఇంకో లెక్క. చేసినవన్నీ ఒప్పులే! అనుమానం వచ్చి మరిది తెచ్చిన పుస్తకాల్లో అది చేసిన అభ్యాసాలన్నీ తిరగేశాను. ఒకటి, మూడు, అయిదు, ఏడు. సరి సంఖ్య వేసి ఉన్న లెక్కని ఏ పుస్తకంలోనూ ముట్టుకోలేదు. సగం వచ్చాయని అందరూ దిగులుపడ్డారు గానీ అది ఏ సగమో ఎవరూ చూడలేదు.

"రెండోది ఎందుకు వదిలేశావే?"

"అది నాది కాదు పెద్దమ్మా."

బళ్లో ఇద్దరూ అలా పంచుకునేవారట. బేసివి మా పిల్లవి, సరివి ఆ పిల్లవి. ఎవరివి వాళ్లు చేసి, తరవాత ఒకరికొకరు చెప్పుకునేవారట.

"ఆ పిల్ల లేదు కదమ్మా ఇప్పుడు" అన్నాను, ఎంత మెత్తగా అనగలనో అంత మెత్తగా.

అది బెంచీ మీది ఖాళీ వైపు చూసి, గొంతు తగ్గించింది. "అలాగనకు, వింటుంది. తనకి ఈ కొత్త పుస్తకాలు రావు. మేం నిరూపక జ్యామితి దగ్గర ఆగిపోయేం. తరవాతవి తనకి ఎవరూ చెప్పలేదు. అందుకే, కూర్చుంటుంది గానీ చెయ్యదు."

పట్టపగలు. పెరట్లో ఆరేసిన చీరలు, కాలవ గట్టు మీద పడిన ఎండ. అయినా నాకు ఆ వరండాలోంచి లేచి లోపలికి పోవాలనిపించింది.

దెయ్యాలూ గాలులూ నమ్మే ఇల్లు కాదు మాది. చెల్లెలు పాస్టరుగారిచేత ప్రార్థన చేయించింది, మరిది మళ్లీ డాక్టరుకి చూపించాడు. రెండూ మంచివే. నేను మాత్రం ఆ కొత్త పుస్తకాలన్నీ కట్టగట్టి మంచం కిందికి తోసేసి, వాళ్లిద్దరూ బళ్లో చదివిన తొమ్మిదో తరగతి పుస్తకమే తెప్పించి, ఆగిన పాఠం దగ్గర మొదలుపెట్టాను.

బోర్డు వైపు తిరిగి రాసే టీచరుకి వెనకున్న క్లాసు చూడకుండానే తెలుస్తుంది. ఎవరికి అందింది, ఎవరు దిక్కులు చూస్తున్నారు అన్నది వీపే చెబుతుంది. ఆ రోజు అక్షాలు గీసి బిందువులు పెడుతున్నాను. వెనక ఉన్నది ఒక్క పిల్ల. నా వీపుకి ఇద్దరు తెలిశారు. ఒకరికి అర్థమైంది, ఇంకొకరికి కాలేదు.

తిరిగి చూడ్డానికి భయం వేసింది. చూడలేదు. అంతా చెరిపి, మళ్లీ మొదటినుంచి నెమ్మదిగా చెప్పాను. రెండోసారి ఎవరికోసం చెబుతున్నానో నాకు తెలుసు. చెప్పడం అయ్యాక వెనక బెంచీ కిర్రుమంది.

"ఆయ్, తనకి వచ్చేసింది పెద్దమ్మా" అంది మా పిల్ల. దాని గొంతులో సంతోషం విని ఎన్నాళ్లయిందో!

ఆ రోజునుంచి సరి లెక్కలూ కాగితం మీదికి రాసాగాయి. తను చెబుతుంటే రాస్తున్నానని మా పిల్ల అనేది. చేతిరాత దానిదే. కానీ ఆ లెక్కల్లో మాత్రం జవాబు కింద రెండు గీతలుండేవి, మా పిల్లకి ఎప్పుడూ లేని అలవాటు. నేను అడగలేదు. ప్రతి పాఠం రెండుసార్లు చెప్పాను. తొమ్మిది ముగించి పదిలోకి వచ్చాం. నిజం చెప్పాలంటే ఆ రెండో పిల్ల మీద నాకు ఇష్టం కలిగింది. చురుకైనది కాదు గానీ, ఒకసారి పట్టుకుంటే వదిలే రకం కాదు.

పరీక్షల ముందు చివరి పాఠం. సంభావ్యత. మొదటిసారి చెప్పి, చెరపబోతూ ఆగాను. వెనక ఒక్కరే ఉన్నారు. ఈసారి తిరిగి చూశాను. మా పిల్ల బెంచీ మధ్యకి జరిగి కూర్చుని, సరి లెక్క చేస్తోంది. జవాబు రాసింది. కింద గీత లేదు.

"ఇవి కూడా నన్నే చేసుకోమంది" అంది తలెత్తకుండా. "తనకి హాల్‌టికెట్టు రాలేదు కదా పెద్దమ్మా."

అని, అప్పుడు ఏడ్చింది. స్నేహితురాలు పోయిన ఇన్నాళ్లకి, ఊరంతా వినపడేలా ఏడ్చింది. నేను దాన్ని దగ్గరికి తీసుకుని, కంటితో చూడని నా రెండో శిష్యురాలి కోసం ఏడ్చాను. మా పిల్ల పేపరంతా రాసి, పాసై, ఇప్పుడు అమలాపురంలో ఇంటర్ చదువుతోంది. కాలం కొందరు పిల్లల్ని పాఠం మధ్యలోనే లేపి తీసుకుపోతుంది. మిగిలిన పాఠం విని వెళ్లడానికి ఒక్కొక్కరు కాసేపు వెనక్కి వస్తారేమో, చెప్పేవాళ్లు తిరిగి చూడకుండా ఉంటే.