తాడు చివరి మనిషి

ఉదయం ఐదున్నర. బయట సన్నగా జల్లు పడుతోంది. ఆసుపత్రి రెండో అంతస్తులో కిటికీ అద్దం మీద నీళ్లు జారుతున్నాయి. లంగరుకి ఆకలి దంచేస్తోంది. నిన్న సాయంత్రం ఒక గ్లాసుడు పల్చటి సూపు ఇచ్చారు. ఆ తర్వాత మంచినీళ్లు కూడా ముట్టుకోవద్దన్నారు. ఆకలి అతనికి కొత్త కాదు. ఆకలేసినప్పుడు తినకుండా పడుకోవడం కొత్త.

అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. మంచం కిర్రుకిర్రుమంది.

"బాబాయ్, కాస్త నెమ్మది. అది విరిగితే డాక్టరుగారు ముందు దానికి ఆపరేషన్ చెయ్యాలి" అంది రక్తపోటు చూడ్డానికి వచ్చిన నర్సు.

"విరిగితే నేనే మోసుకెళ్లి కింద పడేస్తాలేమ్మా. నా పని అదేగా."

నిజంగానే అతని పని అది. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే ముఠాలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. ముఠాలో ఐదుగురు. వాళ్లలో ఇద్దరు ముఖ్యం. ఒకడు మేస్త్రీ. ఇంకొకడు లంగరు భార్యకు తమ్ముడు, అంటే అతని బావమరిది. మెట్లు ఇరుకైన ఇళ్లలో బీరువాలు, ఫ్రిజ్జులు మెట్ల మీంచి ఎక్కవు. అప్పుడు పై కిటికీ దగ్గర దుంగ బిగించి, దానికి కప్పీ వేలాడదీసి తాడుతో లాగుతారు. బావమరిది కిటికీలో ఉండి సామాను అందుకుంటాడు. మిగతావాళ్లు కింద నిలబడి లాగుతారు. ఆ తాడు చివరి కొస లంగరు నడుం చుట్టూ రెండు చుట్లు తిరిగి ఉంటుంది. లాగేవాళ్ల చేతులు జారినా సరే, అతను వెనక్కి వాలాడంటే బీరువా గాలిలో ఎక్కడిదక్కడ ఆగిపోవాల్సిందే. నూట నలభై రెండు కిలోలు మరి. ఇన్నేళ్లలో ఒక్క సామానూ కింద పడలేదు.

చిన్నప్పుడు వీధిలో పిల్లలు బండోడా అని ఏడిపించేవాళ్లు. బెంచీ మీద పక్కన కూర్చోనిచ్చేవాళ్లు కాదు. బడి మానేయడానికి సగం కారణం అదే. ఆ ఒళ్లు ఎందుకైనా పనికొస్తుందని మొదట చెప్పినవాడు మేస్త్రీ. తాడు నడుముకి చుట్టి, "నువ్వురా మన లంగరువి" అన్నాడు. అసలు పేరు ఆ రోజుతో అందరూ మర్చిపోయారు. అతను కూడా కావాలనే మర్చిపోయాడు.

కానీ ఆ బరువే మోకాళ్లను తినేసింది. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాడు. నాలుగు మెట్లెక్కితే నాలుక బయటికొచ్చేది. పొట్ట చిన్నది చెయ్యకపోతే రెండేళ్లలో మంచానపడతావని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆపరేషన్‌కి ఒప్పుకున్నది అతను కాదు, అతని భార్య. ఆసుపత్రికి బయల్దేరే ముందు మేస్త్రీ వచ్చి గుమ్మంలో నిలబడి గడ్డం గోక్కుంటూ ఒక మాట అన్నాడు.

"బాగై రా. అంతకంటే ఏం కావాలి? కాకపోతే... సగమైపోయి వస్తే తాడు ఎవడు పడతాడా అని."

నవ్వుతూనే అన్నాడు. ఆ మాట మాత్రం లంగరు గుండెలో ముల్లులా దిగింది. ఆపరేషన్ బల్ల మీద కళ్లు మూతలు పడుతున్నప్పుడు కూడా అతనికి ప్రాణం గురించి భయం లేదు. తాడు దగ్గర తన చోటు ఉంటుందా, పోతుందా? అదొక్కటే తొలుస్తోంది.

మెలకువ వచ్చేసరికి పొట్ట మీద ఐదు చిన్న కట్లు ఉన్నాయి. గొంతు ఎండిపోయింది. నర్సు మందు సీసా మూతంత గ్లాసులో నీళ్లు తెచ్చింది.

"ఇదేంటమ్మా, పిచ్చుకకి పెట్టినట్టు?"

"ఇదే పావుగంటకి. గుక్క వెయ్యకూడదు, చప్పరించాలి. దగ్గొస్తే ఈ దిండు పొట్టకి అదుముకో. లేచేటప్పుడు పక్కకి ఒత్తిగిలి, మోచెయ్యి ఆనించి లే. మర్చిపోయావో, కుట్లు పిగులుతాయి."

సాయంత్రానికే నడిపించారు. ఆ తర్వాత మంచం మీద ఒక్క క్షణం కుదురుగా లేడు. ఒక చేత్తో సెలైన్ స్టాండు తోసుకుంటూ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగాడు. ప్రతి తలుపు దగ్గరా ఆగి జాన పెట్టి కొలిచాడు.

"ఇందులోంచి మూడు తలుపుల బీరువా పట్టదు. అడ్డం తిప్పాలి" అన్నాడు భార్యతో.

"నీకు లోపల పొట్టే కోశారా, బుర్ర కూడా కెలికారా? వచ్చి పడుకో."

నాలుగో రోజు ఇంటికి పంపారు. ఇంట్లో ఏమేం సిద్ధం చెయ్యాలో ఆసుపత్రిలో ఒక కాగితం ఇస్తే, భార్య దాన్ని తమ్ముడి చేతికిచ్చి ముందే పంపింది. చేతులున్న కుర్చీ కావాలి. మంచం ఎత్తుగా ఉండాలి. వాడే వస్తువులన్నీ వంగక్కర్లేకుండా నడుం ఎత్తులో ఉండాలి. పెద్ద పళ్లేలు, గిన్నెలు కంటికి కనబడకూడదు. ముఠా మొత్తం దిగి ఒక పూటలో పని ముగించింది. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టారు. సబ్బు, తువ్వాలు, మందులు, అన్నీ నడుం ఎత్తులో బల్ల మీద వరసగా పేర్చారు. అంతవరకు బాగానే ఉంది.

వంటింట్లోకి వెళ్లిన భార్య కెవ్వుమంది. గిన్నె లేదు, గరిటె లేదు, పళ్లెం లేదు. మొత్తం వంటిల్లు అట్టపెట్టెల్లోకి ఎక్కి, టేపు వేసుకుని, పైన 'జాగ్రత్త, పగులును' అని రాయించుకుని అటక మీద కూర్చుంది. ఇళ్లు ఖాళీ చేయించే చేతులు కదా. కనబడకూడదంటే వాళ్లకి తెలిసింది ఒక్కటే, పెట్టెలో పెట్టి కట్టెయ్యడం.

"ఆయన తినకూడదు గానీ మేం తినకూడదని ఏ డాక్టరు చెప్పాడ్రా?" అని తమ్ముణ్ణి పట్టుకుంది.

"కాగితంలో అలాగే ఉందక్కా!"

"ఉందిలే! గరిటె కూడా ఉందా కాగితంలో?"

లంగరుకి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. దిండు పొట్టకి అదుముకుని, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వాడు.

అప్పుడు కనబడింది మంచం చివర కట్టిన తాడు. పాత తాడే, అతని నడుం రాపిడికి నున్నబడ్డ కొసతో సహా. పట్టుకుని లేవడానికి మేస్త్రీ కట్టించాడట. లంగరు నవ్వు ఆగిపోయింది.

"ఇది ఇక్కడుంటే అక్కడ దేంతో లాగుతున్నారు?"

బావమరిది నేల చూపులు చూశాడు. "నువ్వొచ్చేదాకా కింది అంతస్తు ఇళ్లే ఒప్పుకుంటున్నాడు బావా మేస్త్రీ. పై అంతస్తులవి వేరే ముఠాకి పోతున్నాయి."

ఆ మాట విన్నాక మూడు నెలలు ఎలా గడిచాయో అతనికే తెలియదు. మొదట నీళ్లు, తర్వాత పాలు, తర్వాత చెంచాతో మెత్తటి గుడ్డు. నాలుగు చెంచాలకే పొట్ట నిండిపోయేది, మనసుకి మాత్రం నిండేది కాదు. తిన్న వెంటనే లేచి గదంతా తిరిగేవాడు. కుర్చీ అటు జరిపేవాడు, ఇటు జరిపేవాడు. రోజుకోసారి తాడు చేతిలోకి తీసుకుని ముడి విప్పి మళ్లీ వేసేవాడు. ఆసుపత్రిలో తూకం యంత్రం ఎక్కినప్పుడల్లా నర్సు చప్పట్లు కొట్టేది. అతను మాత్రం ముల్లు ఎంత వెనక్కి వెళ్తే తాడు దగ్గర అన్ని కిలోలు పోయాయని లెక్కేసుకునేవాడు. నూట ముప్పై. నూట పదహారు. నూట రెండు. మోకాళ్లు నొప్పి మర్చిపోయాయి. రాత్రిళ్లు ఊపిరి ఆగడం లేదు. చొక్కాలు ఒంటి మీద ఊగుతున్నాయి.

బరువులెత్తొచ్చని డాక్టరు చెప్పిన మర్నాడే తాడు భుజాన వేసుకుని పనికి పోయాడు.

"అబ్బో! లంగరు పోయి గాలిపటం వచ్చిందేంట్రా!" అన్నాడు మేస్త్రీ. అందరూ కౌగిలించుకున్నారు. ఆ రోజు రెండో అంతస్తుకి పెద్ద ఫ్రిజ్జు ఎక్కించాలి. లంగరు ఎప్పటిలాగే నడుముకి రెండు చుట్లు చుట్టుకుని, మడమలు నేలకి తన్ని నిలబడ్డాడు. ఫ్రిజ్జు లేచింది. సగం దూరం పోయింది. లాగేవాడొకడు చెమట తుడుచుకోడానికి చెయ్యి తీశాడు, పక్కవాడి పట్టు జారింది. లంగరు వెనక్కి వాలాడు.

వాలిన మనిషి కింద కూర్చోలేదు. పాదాలు నేల విడిచాయి. ఫ్రిజ్జు కిందికి, లంగరు పైకి. మేస్త్రీ ఎగిరి అతని కాళ్లు పట్టుకోకపోతే కిటికీలో బావమరిది ఫ్రిజ్జుకి బదులు బావనే అందుకునేవాడు.

అందరూ పగలబడి నవ్వారు. లంగరు కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా.

మేస్త్రీ మనసున్న మనిషి. నవ్వు ఆపి ఆలోచించాడు. మర్నాడు రెండు గోనె సంచులు తెచ్చాడు. ఒక్కోదాంట్లో ఇరవై కిలోల ఇసుక.

"డాక్టరు తీసేసింది మనం పెట్టేద్దాం. నీ చోటు నీదేరా. ఇంకొకణ్ణి అక్కడ నిలబెట్టను."

సంచులు నడుముకి చెరోపక్క కట్టాడు. తాడు మళ్లీ నిలబడింది. బీరువాలు మళ్లీ లేచాయి. పది రోజులు అలా సాగింది. పదకొండో రోజు మెట్లు దిగుతుంటే కుడి మోకాలు కలుక్కుమంది. పాత నొప్పి, తెలిసిన నొప్పి. ఇసుక సంగతి తమ్ముడు చెప్పగా విన్న భార్య, ఇంట్లో అతని నడుం మీద సంచులు కట్టిన గుర్తులు చూసింది.

"తగ్గించుకోడానికి కోయించుకుని, మళ్లీ ఇసుక కట్టుకుంటున్నావా? ఎవరి కోసమయ్యా ఈ మోత?"

ఆ గుర్తుల మీద తువ్వాలు కప్పుకున్నాడు. ముఠావాళ్లు తనని ఉంచుకున్నారు. అది నిజం. కానీ వాళ్లకి కావల్సింది ఆ నలభై కిలోలు. ఇప్పుడవి సంచుల్లో ఉన్నాయి. తను వాటిని మోసే కూలీ. మేస్త్రీతో ఆ మాట అనాలని రెండుసార్లు నోరు తెరిచాడు. "ఏంట్రా?" అని మేస్త్రీ ప్రేమగా అడిగేసరికి రెండుసార్లూ మూసేశాడు.

ఆ వారంలోనే ఒక రోజు మూడో అంతస్తుకి బీరువా ఎక్కించారు. అది కిటికీలోంచి లోపలికి పోయేదాకా లంగరు వాలే ఉన్నాడు. పైనుంచి బావమరిది "అందింది బావా!" అని అరిచాక నడుం నుంచి తాడు విప్పాడు. తర్వాత సంచులు విప్పాడు. తను రోజూ నిలబడే చోట, గోడకి ఆనించి, రెండింటినీ పక్కపక్కనే పెట్టాడు. తాడు చుట్ట చుట్టి, కొస మీద ఎప్పుడూ వేసే ముడి వేసి, వాటి మీద ఉంచాడు. మేస్త్రీ లారీ అవతల పరుపులు దింపుతున్నాడు, వీపు ఇటుంది. లంగరు ఆ వీపు వైపు కాసేపు చూశాడు.

"బావా, కప్పీ విప్పెయ్యమంటావా?" అని పైనుంచి కేక వచ్చింది.

అప్పటికి అతను వీధి మలుపు తిరిగిపోయాడు.