అట్టల్లో దొరికిన పైకప్పు

మా మేనత్త ముప్పైయేళ్లుగా లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బైండింగ్ చేస్తోంది. అంతకుముందు ఆ పని మా తాతయ్యది. నేను అక్కడే పుస్తకాలిచ్చే కౌంటర్లో కూర్చుంటాను కాబట్టి ఇదంతా కళ్లారా చూశాను.

నూటపదేళ్ల భవనం అది. చదువుకునే హాలు పైకప్పు నిండా సున్నపు లతలు, నడుమ బండిచక్రమంత తామరపువ్వు. ఆ పువ్వులోంచి ఒక రేకు రాలింది. ఇంజనీరు వచ్చి, కప్పు వెనక దాన్ని మోసే ఇనుప దూలాలున్నట్టు పాత ప్లాను చూపిస్తే సరే, లేదంటే సోమవారం కప్పంతా పడగొట్టిస్తానన్నాడు. ప్లాను ఏమైందో ఎవరికీ తెలియదు. దాన్ని పోగొట్టిన మహానుభావుణ్ణి అత్తయ్య నోటికొచ్చినట్టు తిట్టింది.

శుక్రవారం ఒక పాత రిజిస్టరు బాగుచేయడానికి వచ్చింది. వెన్ను మీద ఎర్రదారం, అంటే తాతయ్య కట్టిందే. ఆయన అట్టలు కొనేవాడు కాదు, పనికిరాని కాగితాలు ఒకదానిమీదొకటి అంటించి తయారుచేసేవాడు. నీళ్లలో నానబెడితే పొరలు విడిపోయాయి. ఒకదాని మీద నీలిగీతలు! అత్తయ్య చెప్పులు కూడా వేసుకోకుండా ఆ తడికాగితంతో హాల్లోకి పరుగెత్తి, తలెత్తి చూసింది. అవే లతలు. పోయిందనుకున్న ప్లానులో ముక్క అది.

ఎర్రదారం పుస్తకాలు ఇంకో ఏడు దొరికాయి. అత్తయ్య ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు, వాళ్ల నాన్న వేసిన కుట్లు తనే విప్పింది. ముక్కలన్నీ బల్లమీద పేర్చాం. అంతా కుదిరింది, నడుమ పలకంత జాగా తప్ప. దూలాలుండాల్సింది సరిగ్గా అక్కడే.

అత్తయ్య గబగబా ఇంటికెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చింది. అక్షరాలు దిద్దుకోమని తన చిన్నప్పుడు తాతయ్య కట్టిచ్చింది. మమ్మల్నెవరినీ ఏనాడూ తాకనివ్వలేదు. దాని వెన్ను మీదా అదే ఎర్రదారం.

"వద్దత్తయ్యా, అదొక్కటే కదా నీకు మిగిలింది" అన్నాను.

"నోర్మూసుకుని నీళ్లు పట్రా" అంది.

పొర ఊడివచ్చింది. నాలుగు దూలాలు, కొలతలతో సహా! ఇంజనీరు నిచ్చెనెక్కి, ఆ కొలత ప్రకారం లతల మధ్య సన్నగా తొలిచాడు. ఖంగుమని ఇనుము తగిలింది. కప్పు జోలికి ఎవరూ పోకూడదని అక్కడికక్కడే రాసిచ్చాడు. నిశ్శబ్దంగా ఉండమన్న బోర్డు కిందే నేను గంతులేశాను. హాలంతా చప్పట్లు.

ఆ సందడిలో అత్తయ్య తడిముక్కను కొంగుతో అద్దుతోంది. నవ్వుతోంది, కళ్లనిండా నీళ్లు.

"చింపింది నువ్వేనా నాన్నా" అంది మెల్లగా. "తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను."