సైకిల్ ట్రాక్ మీద వడ్లు

ఆ ఉదయం మిర్యాలగూడ మిల్లుల రోడ్డులో ఉన్నవి, ఉన్నవాళ్లు: పచ్చ రంగు వేసిన కొత్త సైకిల్ ట్రాక్ ఒకటి, లారీలు మీదికి రాకుండా దాని పక్కన నడుమెత్తు ఇనుప కంచె, బైకులు దూరకుండా రెండు చివర్లా ఛాతీ ఎత్తు గుంజలు, ర్యాలీకి వచ్చిన హైస్కూలు పిల్లలు, వాళ్ల సైకిళ్లు, రిబ్బను, కత్తెర, సూర్యాపేట నుంచి దిగిన మా కాంట్రాక్టరు, ఇస్త్రీ చొక్కాలో నేను. ఉండకూడనిది ఇంకొకటి కూడా ఉంది. దాన్ని అక్కడికి రప్పించింది నేనే. ఈ కథ చివరికి నా ఇస్త్రీ మిగలదని ముందే చెప్పేస్తున్నాను.

నాది కోదాడ. సివిల్ డిప్లొమా చదివి, ఆ కాంట్రాక్టరు దగ్గర ట్రయల్ మీద సైట్ ఇంజనీరుగా చేరాను. ట్రాకే నా మొదటి పని. ఆ రోజు పెద్ద ఇంజనీరు సారు వచ్చి, దాని మీద సైకిల్ నడిపి, బాగుందంటే ఉద్యోగం ఖాయం. లేదంటే కోదాడ బస్సు. కాంట్రాక్టరు చెప్పిన దారులు ఈ రెండే. మూడోది అడిగే ధైర్యం నాకు లేదు.

ముందురోజు సాయంత్రం, కొత్త పెళ్లికొడుకు ఉంగరం చూసుకున్నట్టు నేను ట్రాక్‌ను చూసుకుంటుంటే, తలకు తువ్వాల చుట్టిన ఒక పెద్దాయన కంచె అవతల ఆగాడు. మాడుగులపల్లి మల్లయ్య తాత.

"ఏం బిడ్డా, దీని మీదికి లారీలు వస్తయా?"

"లారీ కాదు తాతా, బైకు కూడా రాదు. ఆ గుంజలు నేనే పెట్టించాను."

"వాన పడితే నీళ్లు నిలుస్తయా?"

"చుక్క నిలవదు. వాలు అలా ఇచ్చాం."

"మట్టి, రాళ్లు లేస్తయా?"

"అద్దం అనుకోండి!"

"పొద్దంత ఎండ తగుల్తదా?"

పాఠకులారా, ఇక్కడ నేను ఆగాల్సింది. సైకిల్ తొక్కేవాడికి ఎండతో పనేమిటని ఒక్క క్షణం అనుమానించాల్సింది. కానీ నా పనిని అంత శ్రద్ధగా అడిగినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా! ఒక్క చెట్టు నీడ కూడా పడదు!" అన్నాను. చెట్లు నాటకపోవడం మా లోపం. దాన్నీ గొప్పగానే చెప్పుకున్నాను.

"మరి మేం వాడుకోవచ్చా?"

"మీకోసమే కదా తాతా వేసింది!"

తెల్లారి వచ్చేసరికి ట్రాక్ పచ్చగా లేదు. బంగారు రంగులో ఉంది. రిబ్బను నుంచి టీకొట్టు ఎదురుదాకా యాసంగి పంట వడ్లు. మల్లయ్య తాత వాటిలో పాదాలు ఈడుస్తూ, తీరిగ్గా చాళ్లు తీస్తూ తిరగేస్తున్నాడు.

"తాతా! ఏంటిది?"

"వడ్లు."

"అవి వడ్లని నాకూ తెలుసు! ఇక్కడెందుకున్నాయి?"

"తేమెక్కువున్నదని మిల్లు కాడ వాపస్ జేసిన్రు. నువ్వే జెప్తివి గద, లారీ రాదు, ఎండ మస్తుగుంటదని. రాత్రి కంచె పక్కకు ట్రాక్టరు పెట్టి గంపలతోని ఇవతల పోసినం."

"తీసేయండి! సారు వచ్చేస్తున్నారు!"

"ట్రాక్టరు పొద్దుగూకినంక వస్తది."

కాంట్రాక్టరు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "కిరణ్, ఎవన్ని అడిగి పోసిండ్రు?" అన్నాడు మెల్లగా. అరిచినా బాగుండేది.

మల్లయ్య తాత నా వైపు చెయ్యి చూపించాడు. "గీ సారే పర్మిషన్ ఇచ్చిండు. బంగారమసొంటి పిలగాడు."

అప్పుడే జీపు ఆగింది. అప్పుడే నిడమనూరు వైపు ఆకాశం నల్లబడింది. పెద్ద ఇంజనీరు దిగి వడ్లను చూశారు, రిబ్బనును చూశారు, నన్ను చూశారు. నేను మబ్బును చూశాను.

"ఏందయ్యా ఇది?"

"వినియోగం మొదలైంది సార్."

గాలి లేచింది. ఆయన చొక్కా చేతులు మడిచారు. "వాన మీదికొచ్చింది, ఇంక రిబ్బను మొఖం జూస్తరేంది? ఎత్తుండ్రి!"

అందరం పడి, తాత వెంట తెచ్చుకున్న ఖాళీ బస్తాలు నింపాం. దగ్గర్లో కప్పు ఒక్కటే: ట్రాక్ రెండో చివర, గుంజలు దాటాక ఉన్న మిల్లు షెడ్డు. చేతిలో ఉన్నవి సైకిళ్లే. పెద్ద ఇంజనీరు, తనకోసం పూలదండ కట్టి ఉంచిన సైకిల్ క్యారేజీ మీద బస్తా అడ్డంగా వేయించుకుని, తోసుకుంటూ ముందు బయల్దేరారు. గుంజల మధ్య టక్కున ఆగిపోయారు. ముందు చక్రం అవతల, బస్తా ఇవతల. వెనక వరసగా అన్ని సైకిళ్లూ ఆగాయి. మొదటి చినుకు నా మెడ మీద పడింది.

"ఈ గుంజలు ఎవడు పెట్టిండు?"

"నేనే సార్. హ్యాండిల్ వెడల్పు కొలిచి పెట్టాను సార్."

"బస్తా వెడల్పు?"

"సైకిల్ మీద మనిషే ఉంటాడనుకున్నాను సార్."

"మిర్యాలగూడలనా?"

బస్తాను తిప్పి సీటు మీద నిలువుగా పెట్టాం. తర్వాత వచ్చిన ప్రతి బస్తానూ తప్పిపోయి దొరికిన తమ్ముణ్ణి కౌగిలించుకున్నట్టు పట్టుకుని నేనే గుంజలు దాటించాను. ఇస్త్రీ అక్కడే ఖతం. చివరి సైకిల్ షెడ్డులోకి దూరుతుండగా వాన దంచింది.

వెలిశాక సారు ట్రాక్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. నేను వెనకే నడిచాను. ఎక్కడా చుక్క నిలవలేదు.

"వాలు మంచిగుంది. గుంజలు జరిపించు," అన్నారు కాంట్రాక్టరుతో. "పిల్లగాన్ని ఉంచుకో. రైతులతోని మాత్రం మాట్లాడనియ్యకు."

మల్లయ్య తాత వెళ్తూ నా భుజం తట్టాడు. "మళ్ల పంటకు జర ఎడల్పు జేయించు బిడ్డా."

కాబట్టి, నా కొలత టేపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ రోడ్డునూ ఏ రైతు ముందూ పొగడను. ఎండ సంగతి ఎవరైనా అడిగితే, మబ్బుగా ఉంటుందని చెప్పి సైకిలెక్కి పోతాను.

ఆ రోజు ట్రాక్ మీద దాటిన బస్తాలు ముప్పై నాలుగు. తడిసినవి రెండు.