మంచం కింద కుండ

నెల్లూరు నుంచి ద్రాక్షారసం సీసా రాదన్న కబురు మొదట నాకు తెచ్చింది చేపల గంప నెత్తిన పెట్టుకొచ్చే అక్క. "మీ గుడి అయ్యగారు ముత్తుకూర్లో బస్సు దిగినాడమ్మే, ఉత్త చేతుల్తో. సీసా దోవలోనే పగిలిందంట" అంది, గంప దించకుండానే.

మంచంలో ఉన్న మా అత్తమ్మ ఆ మాట విన్నది. మా గుడిలో ఏసుప్రభు రక్తానికి గుర్తుగా అందరికీ గుక్కెడిచ్చే ప్రభు బల్ల రసాన్ని ఏటా పులియబెట్టింది ఆమే. లేవలేక ఆ ఏడు మానుకుంది. ఇక ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే, బల్ల తీసుకుని కన్ను మూయడం.

"నువ్వు పెట్టు అమ్మాయ్. అది పులిసేదాకా నేను పోను" అంది.

సారాయి నిషేధం రోజులు. గుడి కోసమే అయినా తలుపు దగ్గరేసి పనికి దిగాను. ఎండుద్రాక్ష నానేసి నలిపి, గుప్పెడు గోధుమలు వేసి, కలకండను తెల్లగుడ్డలో మూటగట్టి కుండలోకి వేలాడదీయాలి. అది అత్తమ్మ పద్ధతి. తాగేనీళ్ళ బానలోనూ పటికను అట్లాగే మూటగట్టి వేలాడదీసేవాళ్ళం, బురద అడుక్కి దిగడానికి. ఆ పొద్దే రెండు మూటలూ కొత్తగా కట్టి, ఒకే గూట్లో పెట్టి, తీసి వేశాను.

కుండ తన మంచం కిందే ఉండాలంది. పులిసే కుండ ఊపిరి పీలుస్తుందట. "బుసబుసమంటా ఉంది, విన్నావా?" అని సాయంత్రం కళ్ళు మూసుకునే నవ్వింది. నేను కుండకు చెవి ఆనించాను. లోపల ఏమీ లేదు. మరి ఆమె వింటున్నదేమిటి?

మర్నాడు అన్నం దగ్గర మావారు చెంబు దించి, "ఏందే, నీళ్ళు తియ్యగా ఉండాయి?" అన్నారు. పోయి చూస్తే బాన అంచు చుట్టూ చీమలు.

మూటలు మారాయేమోనని పరుగున వచ్చి కుండ మూత తీశాను. పైన రసం నీళ్ళలా తేటబడి ఉంది. ద్రాక్షలన్నీ అడుగున కదలకుండా పడున్నాయి. ఒక్క బుడగ లేదు. నా ముఖమే నావైపు చూస్తోంది.

"కానా ఊరి పెళ్ళిలో ప్రభువు చేత నీళ్ళు ద్రాక్షారసమైతే, మనింట్లో తిరగబడిందే" అని నవ్వబోయిన మావారు, వాళ్ళమ్మను చూసి ఆగిపోయారు.

కుండ పెరట్లో పారబోసి వచ్చి అత్తమ్మకు చెప్పాను. ఆమె నమ్మలేదు. "ఎక్కడ పారబోస్తివి? ఇక్కడే ఉంటే!" అని మంచం కిందికి చెయ్యి చూపింది. అక్కడ కుండ అడుగు తడి తప్ప ఏమీ లేదు. వంగాను. దేవుని యెదుట చెబుతున్నాను, ఈసారి నాకూ వినబడింది. సన్నగా, బుసబుసమని.

అంగట్లో ఎండుద్రాక్ష దొరకలేదు. సంగతి విన్న చేపల అక్క, పాయసానికని దాచుకున్న గుప్పెడు ద్రాక్ష కొంగున ముడేసుకొచ్చింది.

"మా యింటివి మీ దేవుడికి పనికొస్తాయా చెల్లే?"

"ఎందుకు పనికిరావక్కా!"

"పులవకపోతే ఏం, అదీ ద్రాక్షే కదమ్మా" అన్నారు, అత్తమ్మకు బల్ల ఇవ్వడానికి ఇంటికొచ్చిన అయ్యగారు. నానేసి పిండిన ఆ రసాన్నే ప్రార్థన చేసి ఇచ్చారు.

అత్తమ్మ ఒక్క గుక్క మింగి, నా చెయ్యి పట్టుకుంది. "ఆగింది అమ్మాయ్."

విన్నాను. నిజంగానే ఆగింది. కాసేపటికి నా చేతిలో ఆమె చెయ్యి చల్లబడింది.

ఆ చప్పుడేమిటో నాకు తెలియదు. ఆమె కోరిక తీరేదాకా ఆమెను నిలిపిన దేవునికి స్తోత్రం. ఆ చేపల అక్క ఇప్పుడు లేదు. మా గుడిలో ఆమెను తలిచేవాళ్ళూ లేరు. ఇది చదివినవాళ్ళు మీ ప్రార్థనలో ఒక్కసారి ఆమెను తలుచుకోండి.